తిండి రాయని పుస్తకం

గుంటూరులో ఆ డాక్టరమ్మ అడిగిన ప్రశ్నలన్నిటికీ అంకెల్లో జవాబు చెప్పగలిగాను, ఒక్కదానికి తప్ప. రక్తం ఎన్నేళ్లుగా తక్కువగా ఉంటున్నదీ, థైరాయిడ్ బిళ్ల ఎప్పటి నుంచి వేసుకుంటున్నదీ, రోజుకు కడుపు ఎన్నిసార్లు కదులుతున్నదీ, మెట్టు మీద తూలి పడితే ముంజేతి ఎముక విరిగి ఎన్ని నెలలైనదీ, రొయ్య నోట్లో పెట్టుకుంటే ఎన్ని నిమిషాలకు దద్దుర్లు లేచేదీ, అన్నీ ఒక కాగితం మీద వరసగా రాసుకుని వెళ్లాను. అంతకు ముందు ఒక్కో బాధకు ఒక్కో డాక్టరు దగ్గరికి తిరిగాను. ఎవరి ముక్క వాళ్లు చూశారు. ఈమె నా కూతురి వయసు మనిషి. కాగితం రెండుసార్లు చదివి, "ఇవన్నీ వేరువేరు జబ్బులు కాకపోవచ్చండి" అంది. రక్తం తీశారు, గొంతులోంచి గొట్టం దించి పేగు ముక్క తీశారు. పది రోజులకు సీలియాక్ అన్నారు. గోధుమల్లోనూ బార్లీలోనూ ఉండే గ్లూటెన్ అనే జిగురు నా ఒంటికి పడదట. పేగు లోపలి పొర దాని వల్ల అరిగిపోయి, తిన్నది తిన్నట్టు పోతోందట. రక్తం లేకపోవడం, ఎముక గుల్లబారడం దాని పిల్లలు. థైరాయిడ్ దానికి చుట్టం. రొయ్య సంగతి మాత్రం దీనితో పొత్తు లేని వేరే లెక్క. మందు లేదు, మానేయడమే మందు. ఆఖరున కలం చేతిలో పట్టుకుని అడిగింది: "ఇది రక్తసంబంధీకుల్లో ఉంటుందండి. మీ తోబుట్టువుల్లో ఎవరికైనా ఇలాంటి బాధ ఉందా?" ఒక చెల్లెలు ఉండేదని చెప్పాను. ఏ జబ్బుతో పోయిందని అడిగితే నా దగ్గర అంకె లేదు, మాటా లేదు. మా ఇంట్లో ఆ జబ్బుకు పేరు పెట్టలేదు. పిల్లకు అరగదు అనేవాళ్లం, అంతే.

నేను బాపట్లలో ఉంటాను. మా ఆయన శుభకార్యాలకు వంట చేయించే మేస్త్రి. ఇన్ని వందల మందికి ఎన్ని కిలోల బియ్యం, ఎంత కందిపప్పు, ఎన్ని కొబ్బరికాయలు అని సరుకుల చీటీ రాసేది నేను. బడిలో చదివింది ఏడో తరగతి దాకానే. ఆ పైన వచ్చినదంతా నాకు నేను నేర్చుకున్నదే. పెళ్లివారు వచ్చి అయిదొందల మందండి అంటే, ఏ ఊరివాళ్లు, పగటి భోజనమా రాత్రిదా, ముసలివాళ్లెందరు అని అడిగి చీటీ వేస్తాను. మిగిలినా చాలకపోయినా పది విస్తళ్లకు మించి తేడా రాదని నాకు పేరు. ఇప్పుడు ఆ చీటీలో సగం వస్తువులు నేను ముట్టకూడనివి. పూరీ, బొబ్బట్టు, రవ్వకేసరి అయితే ఎవరికైనా తెలుస్తాయి. సాంబారులో వేసే ఇంగువ పొడిని గోధుమ పిండిలో కలిపి చేస్తారని ఎవరికి తెలుసు? వంటశాలలో మైదా దులిపినప్పుడు లేచే దుమ్ము నా అన్నం మీద వాలినా రెండు రోజులు మంచం దిగలేను. అందుకని నా గిన్నెలకు ఎర్ర దారం కట్టుకున్నాను. నా జల్లెడ వేరు, నా పెనం వేరు. కొట్లో పొట్లం కొంటే వెనకవైపు చీమల్లాంటి అక్షరాలను భూతద్దంతో చదువుతాను. పేరంటాల్లో ఉప్మా వద్దంటే, "ఏంటి వదినా, ఈ వయసులో సన్నబడి ఎవరిని మెప్పిద్దామని?" అంటారు. రొయ్యలు పడవంటే జాలిపడిన ఆడవాళ్లే గోధుమ పడదంటే నవ్వుతారు. రొయ్య తింటే నా మొహం వాచడం వాళ్లు కళ్లారా చూశారు. గోధుమ చేసేది లోపల చేస్తుంది.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఒక్కటుంది. అది మా అమ్మ పొద్దున్నే తెచ్చే గ్లాసు. నాన్న పోయిన దగ్గర్నుంచి అమ్మ నా దగ్గరే ఉంటోంది. ఎనభైకి దగ్గరపడింది. డాక్టరు ఏమందే అని అడిగితే అరుగుదల లేదందమ్మా అని ఊరుకున్నాను. అరుగుదల లేనివాళ్లకు అమ్మకు తెలిసిన మందు ఒక్కటే, గోధుమ రవ్వ జావ. దోరగా వేయించిన రవ్వ, నీళ్లలో మెత్తగా ఉడికించి, పాలు, చిటికెడు ఉప్పు. ఆరు నెలలుగా ఆ గ్లాసు నా దగ్గరికి వస్తూనే ఉంది, నేను దాన్ని పెరటి తూములో పోస్తూనే ఉన్నాను. ఇప్పుడే తిన్నానంటాను, చల్లారాక తాగుతానంటాను. గోధుమ నాకు విషమని ఒక్క మాట చెబితే అయిపోతుంది. కానీ ఆ మాట చెప్పిన మరుక్షణం అమ్మ మనసు నన్ను వదిలేసి ఎక్కడికి వెళుతుందో నాకు తెలుసు. అక్కడికి వెళ్లనివ్వకూడదని ఆరు నెలలు తూములో పోశాను.

అమ్మ పింఛను కాగితాల కోసం ఆమె ట్రంకు పెట్టె తెరిచిన రోజున ఆ పుస్తకం దొరికింది. అడుగున, పూలపూల గౌనులో చుట్టి ఉంది. బియ్యం మిల్లువాళ్లు బస్తాల లెక్క రాసుకునే పొడుగాటి పుస్తకం, అట్టకు చెదలు పట్టాయి. మొదటి పేజీ మీద నా చేతిరాతే, 'హైమ బరువు' అని. కిందకు తేదీలు, వాటి ఎదురుగా అంకెలు. రెండే గడులు. డెబ్బై ఏడు ఆదివారాలు. అందులో పదమూడు ఖాళీ, మిగిలిన అరవై నాలుగింట అంకె ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా తవుడు వాసన వస్తోంది, లేక వస్తోందని నేనే అనుకున్నానో.

మేం అప్పుడు తెనాలిలో, మిల్లు వెనక సందులో ఉండేవాళ్లం. నాన్న ఆ మిల్లులో కాటా గుమాస్తా. వడ్ల బస్తాలు ఇనప పలక మీద పెడితే, కడ్డీ మీద గుండు జరిపి బరువు చూసి రాయడం ఆయన పని. ఇంట్లో నిద్ర లేచింది మొదలు ఒంటిమీద సన్నటి తవుడు పడేది. నీళ్ల బిందె మీద, మంచం మీద, నాన్న కనుబొమల మీద. తవుడు తుడవడమే మా అమ్మకు సగం పని. మిగిలిన సగం నా చెల్లెలు హైమ. నాకంటే అయిదేళ్లు చిన్నది. చేతులూ కాళ్లూ పుల్లల్లా ఉండేవి, పొట్ట మాత్రం కడవలా ముందుకు ఉండేది. జుట్టు ఎర్రబారింది. నడిచేటప్పుడు గోడ పట్టుకునేది. కానీ నోరు మాత్రం పెద్దది. నాన్న మిల్లు నుంచి వస్తుంటే గుమ్మంలో కూర్చుని, "గుమాస్తా గారండీ, మా ఇంటికి ఎన్ని బస్తాలొచ్చినయ్యండీ?" అని అడిగేది. నాన్న కూడా కాగితం తీసి చూసినట్టు నటించి, ఒకటే వచ్చిందండి, అది కూడా సగం ఖాళీదేనండి అని దాన్ని ఎత్తుకునేవాడు.

ముందు బయటపడింది వేరుశనగ సంగతి. పక్కింటివాళ్లు పెట్టిన వేరుశనగ ఉండ ఒక్క ముక్క కొరికిందో లేదో దాని పెదాలు వాచి, కళ్లు మూసుకుపోయి, ఊపిరి ఈల వేసింది. నాన్న చొక్కా లేకుండా దాన్ని భుజాన వేసుకుని పరుగెత్తాడు. డాక్టరుగారు సూది వేసి బతికించారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో పల్లీ అన్న మాట కూడా వినపడలేదు. వేరుశనగ నూనె పోయి నువ్వుల నూనె వచ్చింది. అది మంచి పనే, అవసరమైన పనే. కానీ ఆ పూట కళ్లతో చూసినది మా అందరి బుర్రల్లో ఎంత గట్టిగా నాటుకుందంటే, ఆ తర్వాత దానికి విరేచనాలు పట్టుకున్న ప్రతిసారీ పల్లీ ఎక్కడో తగిలిందనే వెతికాం. పల్లీ దొరక్కపోతే ఇంకోటి. గుడ్డు ఆపాం. వంకాయ, గోంగూర ఎలాగూ పథ్యానికి పనికిరావు. చేప నీచన్నారు, ఆపాం. పప్పు వాయువన్నారు, ఆపాం. ఆఖరుకు అన్నం బరువన్నారు, అదీ తగ్గించాం. తేలిగ్గా అరిగేవి పెట్టమని చెప్పని పెద్దవాళ్లు లేరు, డాక్టర్లూ అదే చెప్పారు. తేలికైనవి అంటే మా వైపు ఎవరింట్లోనైనా అర్థం ఒకటే, పాలూ బ్రెడ్డు, గోధుమ రవ్వ జావ. బలానికి సీసాలో మాల్టు పొడి, అదీ బార్లీతో చేసేదే. నేనిప్పుడు లెక్కల మనిషిని కాబట్టి చెబుతున్నాను. ఏది పడటం లేదో తెలియాలంటే ఒకసారికి ఒక్కటి ఆపి చూడాలి. మేం అన్నీ ఆపేసి ఆ ఒక్కదాన్ని ఉంచుకున్నాం.

ఆ రవ్వ కొట్లో కొన్నది కూడా కాదు. అమ్మకు కొట్టు రవ్వ మీద నమ్మకం లేదు, అందులో పల్లీ పొట్టు కలిసి ఉంటుందేమోనని భయం. రేషన్ గోధుమలు తెచ్చి, చేటలో ఒక్కొక్క రాయి ఏరి, కడిగి, మంచం మీద పాత చీర పరిచి ఎండబోసేది. మధ్యాహ్నం పూట తిరగలి ముందు కాళ్లు చాపుకుని కూర్చుని విసిరేది. జల్లించి, నేతిలో వేయించేటప్పుడు వచ్చే కమ్మటి వాసనకు తవుడు వాసన కూడా వెనక్కి పోయేది. నాకు ఆ జావ పెట్టేవాళ్లు కాదు, అది హైమ పథ్యం. గిన్నె అడుగున అంటుకున్నది గరిటెతో గీరుకుని తినేదాన్ని. బ్రెడ్డు మీద నాకు కుళ్లు. తెల్లగా, మెత్తగా, అంచుల దగ్గర గోధుమరంగు తిరిగి, పొట్లం విప్పగానే తీపి వాసన. ఒకసారి హైమ ముక్క ఒకటి దొంగతనంగా తిన్నాను. అది చూసింది, ఎవరికీ చెప్పలేదు. "అక్కా, రేపు కూడా తినవే, నాకు వద్దు" అంది. తనకు బ్రెడ్డు వద్దని అప్పుడే చెప్పింది. మారాం చేస్తోందన్నాం.

బరువు రాయడం నాన్న ఆలోచన. ఆదివారం మిల్లు ఆగి ఉండేది. బెల్టుల చప్పుడు లేని మిల్లులో మా చెప్పుల చప్పుడే గట్టిగా వినిపించేది. హైమను కాటా మీద నిలబెట్టి నాన్న గుండు జరిపేవాడు, నేను గీత చూసి అంకె చదివి రాసేదాన్ని. నాకు తొమ్మిదేళ్లు నిండి పది నడుస్తోంది. గ్రాములు, కిలోలు, తీసివేత నేను నేర్చుకున్నది బడిలో కాదు, ఆ పలక పక్కన. ఎక్కువ తూగాలని హైమ ఊపిరి బిగబట్టి బుగ్గలు పూరించేది. ఒక ఆదివారం అంతకు ముందు వారం కంటే నాలుగొందలు ఎక్కువ తూగింది. నాన్న మొహం విప్పారింది. నాకు అనుమానం వచ్చింది, వారంలో అంత పెరగదు. గౌను జేబు తడిమితే గులకరాళ్లు. నాన్న అటు తిరిగాక అది నా చెవిలో అంది, "రాసెయ్యవే అక్కా. నాన్న చూడు ఎట్లా నవ్వుతున్నాడో." నేను రాయలేదు. రాళ్లు తీయించి మళ్లీ తూచి, ఉన్న అంకె రాశాను. తప్పు అంకె రాయకూడదని నాకు అప్పటికే గర్వం. ఆ పేజీ ఇప్పుడు చూస్తే, ఒక అంకె కొట్టేసి పక్కన ఇంకో అంకె ఉంది.

ఖాళీ ఆదివారాలు రేపల్లెవి. రెండుసార్లు హైమను, దానికి తోడుగా నన్ను అమ్మమ్మ దగ్గరికి పంపారు. మొదటిసారి వేసవిలో ఏడు వారాలు, రెండోసారి దసరా నుంచి ఎనిమిది వారాలు. నాకు బడి పోయినా ఫరవాలేదన్నారు. రేపల్లె బండిలో కిటికీ పక్కన కూర్చుని, జంపని చక్కెర ఫ్యాక్టరీ దాటేటప్పుడు గాలిలో వచ్చే తీపి వాసనకు హైమ నాలుక బయటపెట్టేది, గాలిని నాకినట్టు. అమ్మమ్మ పొట్టి మనిషి, చుట్ట కాల్చేది, పథ్యాలంటే పడేది కాదు. పల్లీ విషయం మాత్రం గట్టిగా పాటించింది. పిల్ల మొహం వాచిందంటే నమ్ముతాను, కంటికి కనపడ్డదానికి కాదనను అనేది. జావ సంగతి ఎత్తితే, "గోధుమలు తిని బతకడానికి మనమేమన్నా హిందీవాళ్లమా? అన్నం తినక పిల్ల ఎండిపోయింది" అనేది. పొద్దున్నే తరవాణిలో, అంటే పులిసిన గంజిలో నానిన అన్నం, పచ్చి ఉల్లిపాయ. మధ్యాహ్నం కొరమీను పులుసు. సాయంత్రం నూకల జావ, లేకపోతే బియ్యపు రవ్వతో దిబ్బరొట్టె. అమ్మ రెండు నెలలకు సరిపడా గోధుమ రవ్వ సంచిలో పోసి పంపేది. అమ్మమ్మ ఆ సంచి మూతి విప్పి, రోజూ దోసెడు తీసి పెరట్లో చల్లి, నాలుకతో టకటకమని చప్పుడు చేసేది. కోళ్లు పరిగెత్తుకొచ్చేవి. హైమ వాటి వెనక పరిగెత్తేది. అవును, పరిగెత్తేది. గోడ పట్టుకోకుండా. మీ అమ్మకు చెప్పకండే, నా మీదకు దండెత్తి వస్తుందని అమ్మమ్మ మా ఇద్దరి చేతా ఒట్టు వేయించుకుంది.

పుస్తకంలో అంకెలు ఇవి. మొదటిసారి వెళ్లే ముందు ఆదివారం పన్నెండు కిలోల మూడొందలు. వచ్చిన ఆదివారం పదమూడు ఆరొందలు. తర్వాత వారం పదమూడున్నర. ఆ తర్వాత పదమూడు నూరు. ఆ పైన పన్నెండు ఏడొందలు, పన్నెండు నాలుగొందలు. రెండోసారి వెళ్లేటప్పుడు పన్నెండు రెండొందలు, వచ్చేటప్పటికి పదమూడు ఏడొందలు. తర్వాత మళ్లీ అదే జారుడు, ఈసారి ఇంకా వేగంగా.

రెండోసారి వచ్చి నెల తిరగకుండానే హైమ మంచం పట్టింది. ఆ సాయంత్రం నాన్న లాంతరు దగ్గర పుస్తకం నా ముందు పెట్టాడు. అమ్మ హైమ గౌను మారుస్తోంది, అది ఆ రోజుకు అయిదోది. "నువ్వు రాసినదే కదమ్మా, చూసి చెప్పు. ఎప్పటి నుంచి పడిపోతోంది?" అన్నాడు. నాన్న నన్ను పెద్దవాళ్లను అడిగినట్టు అడిగాడని నాకు గొప్పగా అనిపించింది. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూశాను. "రెండుసార్లూ రేపల్లె నుంచి వచ్చిన పదో రోజు నుంచి పడింది నాన్నా" అన్నాను. అది నిజం. నేను చెప్పిన లెక్కలో తప్పు లేదు. అమ్మ చేయి ఆగింది. అక్కడ ఏం పెట్టింది మా అమ్మ అని అడిగింది. ఒట్టు గుర్తుంది. కానీ హైమ వైపు చూశాను, ఒట్టు కంటే అది ముఖ్యమనిపించింది. "జావ పెట్టలేదమ్మా. రవ్వంతా కోళ్లకు పోసింది" అన్నాను.

మూడు ముక్కలూ నా రాతలోంచీ నా నోటి నుంచీ వచ్చినవే. రేపల్లెలో పెరిగింది, వచ్చాక పడింది, అక్కడ గోధుమ లేదు. వాటిని ఒకదాని కింద ఒకటి రాస్తే చాలు. కానీ మా ముగ్గురికీ గోధుమ మందు. మందు రెండు నెలలు ఆపేశారు, అందుకే పిల్ల పడిపోయింది అని చదువుకున్నాం. పెరిగినదాన్ని గాలిమార్పు అన్నాం, పిల్లల ఆటపాటల ఒళ్లు అన్నాం. అమ్మ తన తల్లికి కబురు పెట్టింది, నా బిడ్డ నోటి దగ్గరిది కోళ్లకు పోసినదానివి, నా గుమ్మం తొక్కకు అని. అమ్మమ్మ మరుసటి వేసవి మమ్మల్ని పంపమని రెండుసార్లు మనిషిని పంపింది. పంపలేదు. రోజుకు రెండు పూటల జావ మూడు పూటలైంది. అమ్మ తిరగలి పగలంతా తిరుగుతూనే ఉండేది. ఆమె అరచేతుల్లో కాయలు కాశాయి.

ఆఖరి అంకె పదకొండు నాలుగొందలు. అది వానల్లో. ఆ ఆదివారం హైమ పలక మీద నిలబడలేకపోయింది. నాన్న దాన్ని ఎత్తుకుని తూగి, తర్వాత తను ఒక్కడే తూగాడు. నేను తీసివేత చేశాను. అది నేను అప్పటివరకూ చేసిన వాటిలో పెద్ద తీసివేత, సరిగ్గానే వచ్చింది. మూడో రోజు గుంటూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ అయిదు రోజులు. దానికి ఆరేళ్లు నిండి మూడు నెలలు. అమ్మమ్మ వచ్చి సందు మొదట్లోనే నిలబడింది, గుమ్మం తొక్కలేదు. తర్వాత పదకొండేళ్లు బతికింది. అమ్మ ఆమెతో మాట్లాడలేదు.

ఇక్కడ నేను ఒక మాట ఒప్పుకోవాలి. హైమకు ఉన్నది ఇదేనని నేను చెప్పలేను. ఆ రోజుల్లో ఆ పరీక్షలు మా దాకా రాలేదు, ఇప్పుడు చేయడానికి హైమ లేదు. నా దగ్గర ఉన్నది అరవై నాలుగు అంకెలు, పదమూడు ఖాళీలు. ఏడు వారాల్లో అది కిలో మూడొందలు పెరిగింది, అంటే ఒంటి బరువులో నూటికి పదిన్నర వంతు. నేను గోధుమ మానేసిన ఆరు నెలల్లో నలభై ఒకటిన్నర నుంచి నలభై అయిదు రెండొందలకు వచ్చాను, నూటికి తొమ్మిది వంతులు. రెండు గీతలు గీసి చూస్తే రెండూ ఒకేలా పైకి లేస్తాయి. డాక్టరమ్మకు ఫోనులో చదివి వినిపించాను. కావచ్చండి అంది, అంతకు మించి అనలేదు, అనకపోవడమే సబబు. అప్పటికీ ఇప్పటికీ తేడా మందులో లేదు. ఇవాళైనా ఆ పిల్లకు ఇచ్చేది అన్నమూ చేపల పులుసే. పల్లీ ఒకటి దగ్గరికి రానివ్వకుండా, మా అమ్మమ్మ పెట్టినదే. తేడా అంతా ఒక్క గడిలో ఉంది. బరువు పక్కన తిండి అని ఇంకో గడి గీసి ఉంటే, పదేళ్ల పిల్లకైనా కనిపించేది. నాకు గీత గీయడం వచ్చు. గీయాలని తోచలేదు.

మొన్న పొద్దున అమ్మ గ్లాసు తీసుకుని నా గదిలోకి వచ్చింది. నేను పెళ్లి చీటీ రాస్తున్నాను. గ్లాసు బల్ల మీద పెట్టలేదు, చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"పెట్టెలో పుస్తకం తీసింది నువ్వేగా?"

ఊ అన్నాను.

"తూము దగ్గర చీమలు పడుతున్నాయి. ఆరు నెలలుగా పాలు పోస్తే పట్టవూ?" అంది. నేను తల ఎత్తలేదు. "డాక్టరమ్మ వద్దన్నది గోధుమేనా?"

"అవునమ్మా."

"నీకు అది పడదా?"

"నాకు పరీక్ష చేసి చెప్పారు. హైమకు ఎవరూ చెయ్యలేదు. అందుకని దానికీ అదేనని చెప్పలేం."

"నేను దాని పేరెత్తలేదే" అంది అమ్మ.

గ్లాసు అప్పుడు బల్ల మీద పెట్టింది. మంచం అంచున కూర్చుంది. ఎంతసేపో చెప్పలేను, గడియారం చూడలేదు. నేనే ఉండబట్టలేక అన్నాను, రేపల్లె అని చెప్పింది నేనే కదమ్మా, కోళ్ల సంగతి చెప్పిందీ నేనే అని.

"నువ్వు పదేళ్లదానివి. అడిగితే అంకె చెప్పావు. పంపనిది నేను. మా అమ్మను గుమ్మం తొక్కొద్దన్నది నేను." నా చేతిలోని పెన్సిలు చూసి, "పుస్తకంలో అదేం తిన్నదీ రాశావా?" అని అడిగింది.

"లేదమ్మా. బరువే రాశాను."

"అయితే రాసుకో. పొద్దున లేవగానే మాల్టు వేసిన పాలు. ఎండెక్కాక జావ, ఇత్తడి గ్లాసుతో. సగం వదిలేసేది, కథ చెప్పి తాగించేదాన్ని. మధ్యాహ్నం బ్రెడ్డు రెండు ముక్కలు, అంచులు తీసేసి. నాలుగింటికి జావ. రాత్రికి జావ, దాంట్లో కాస్త నెయ్యి. మూడోసారి జావ నువ్వు లెక్క చెప్పిన తర్వాత మొదలెట్టాను. వద్దని పళ్లు బిగించేది. ముక్కు మూసి పోసేదాన్ని."

ఒక్క అంశం తప్పలేదు, ఒక్కసారి తడుముకోలేదు. ఇన్నేళ్లూ ఆ గడి ఆమె దగ్గరే ఉంది. నా చేతిలో పెన్సిలు ఉంది, ముందు పెళ్లివారి చీటీ ఉంది. ములుకు కాగితానికి ఆనలేదు.

"రాసుకున్నావా?" అంది.

"రాసుకున్నానమ్మా."

నేను తెలిసి చెప్పిన తప్పు లెక్క అదొక్కటే.

అమ్మ గ్లాసు తీసుకుని లేచింది. వంటింట్లో డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది. కిటికీలోంచి చూస్తే, రవ్వ డబ్బా చంకలో పెట్టుకుని, గోడ పట్టుకుంటూ పక్కింటి పెరటి కంచె దాకా నడిచి వెళ్లింది. దోసెడు తీసి అటువైపు చల్లింది. కోళ్లు దూరంగా ఉన్నాయి, చూడలేదు. ఆమె కాస్త వంగి, నాలుకతో టకటకమని చప్పుడు చేసింది, అచ్చం రేపల్లెలో అమ్మమ్మ చేసినట్టే. అవి పరిగెత్తుకొచ్చాయి. డబ్బా ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడి, దోసెడు తర్వాత దోసెడు చల్లుతూనే ఉంది.